కుళాయిలు మేమే కొన్నాం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న మహానుభావుడు స్నానాలగది కట్టి చూశాడో లేదో నాకు తెలియదు. ఆయన కాలానికి ఆ గదే వుండి వుండదు. భోగాపురంలో మా మామగారు 1968లో కట్టిన పెంకుటింట్లోనూ అది లేదు. పెరట్లో నుయ్యి, నూతి చుట్టూ చప్టా, చప్టా పక్కన ఒక సిమెంటు గోలెం, మూడువైపులా తాటాకు దడి. అదే మా స్నానాలగది. రెండోది దొడ్డి చివర, కొబ్బరిచెట్లకు అవతల. అర్ధరాత్రి అవసరం పడితే మొదట్లో లాంతరూ, తరువాత టార్చిలైటూ పట్టుకొని పోవలసిందే.

ఆ చప్టామీదనే 2022 శ్రావణంలో మా అత్తగారు జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. విజయనగరంలో ఆపరేషను చేసి పంపుతూ, "ఇకమీద ఆవిడ గొంతుకూర్చోకూడదు. నేలమీద కూర్చోకూడదు. మళ్ళీ పడకూడదు" అన్నారు డాక్టరుగారు. మా పెరట్లో ఆ మూడూ కుదిరే పనులు కావు. అందుచేత ఆవిణ్ణి విశాఖపట్నంలో మా బావగారింటికి పంపించవలసి వచ్చింది. నాలుగో అంతస్తు. అన్ని సౌకర్యాలూ వున్నాయి. కాని ఎప్పుడు ఫోను చేసినా ఆవిడ అడిగేది ఒక్కటే: "మన గది ఎంతవరకు వచ్చిందమ్మా?" ఇల్లు అనరు, గది అంటారు. నిజమే, ఆ గది కోసమే మేము యిల్లు కట్టడానికి పూనుకొన్నాం.

మా వూళ్ళో యిల్లు కట్టడం ఒకప్పుడు యింత కష్టం కాదు. 2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగినది మొదలు మా చుట్టుపక్కల కట్టుబడి పనులు పెరిగిపోయాయి. మంచి మేస్త్రి దొరకడమే అదృష్టమన్నారు. మాకు దొరికిన కాంట్రాక్టరు పనిమంతుడు, మంచివాడు కూడాను. ఈ వ్యాసంలో ఆయన్ని ఒకటి రెండుచోట్ల నేను ఏదో అన్నా, ఆ మాట ముందే చెప్పి వుంచుతున్నాను. సామాను, కూలీ అన్నీ ఆయనవే, చదరపు అడుగుకు 1,850 రూపాయలు, 1,100 అడుగులు. ఒప్పందం కాగితంమీద సిమెంటు పేరు వుంది, ఇనుము పేరు వుంది, తలుపుల కర్ర పేరు కూడా వుంది. స్నానాలగదుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒకటే వాక్యం: "శానిటరీ సామాను – మంచి కంపెనీది."

"మంచి కంపెనీ అంటే ఏదండీ?" అన్నాను.

"మంచి కంపెనీ అంటే మంచి కంపెనీయేనమ్మా. అందరిళ్ళకీ అవే ఏత్తన్నాం. ఇంతవరకూ ఒక్కరు మాటనలేదు."

అందరిళ్ళకీ వేసినవి వెళ్ళి చూశాను. ఆడవాళ్ళకు అదొక సౌకర్యం. పసుపుకుంకుమలకని వెళ్ళి, చేతులు కడుక్కొనే నెపంతో లోపల చూసి రావచ్చు. నాలుగిళ్ళు చూశాను. రెండిళ్ళలో కుళాయిలమీద మెరుపు పొక్కులు లేచి రాలిపోతున్నది. మాది సముద్రపుగాలి, ఉప్పు ఎక్కడ సందు దొరికితే అక్కడ తింటుంది. ఒక యింట్లో కమోడు నా మోకాలికంటె బాగా కిందకు వుంది. నేను కూర్చొంటే ఫరవాలేదు. తుంటి మార్చిన డెబ్భై మూడేళ్ళ మనిషి అందులోంచి లేవాలంటే యిద్దరు పట్టుకోవాలి.

ఇంటికి వచ్చి, "ఆ సామాను మనమే కొందాం" అన్నాను. మావారు పేపరు దించలేదు. "కాంట్రాక్టరు కోపగిస్తాడేమో" అన్నారు.

కోపగించలేదు గాని, నొచ్చుకొన్నాడు. "మా మీద నమ్మకం లేదేటమ్మా?" అన్నాడు. నమ్మకం కాదు, అత్తగారి తుంటి అని చెప్పాను. అప్పుడు అసలు లెక్కలోకి దిగాడు. ఆ సామాను మేము కొనుక్కొంటే మొత్తంలోంచి 45,000 తగ్గిస్తానన్నాడు. నేను 80,000 అన్నాను. మావారు పేపరు దించి ఆశ్చర్యంగా నావంక చూశారు. చివరకు 62,000 దగ్గర తెగింది. ఇక్కడ నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఈ తగ్గింపు బేరం ఒప్పందం రాసుకొనే రోజునే జరగాలి. గోడలు లేచాక అడిగితే, ఆయన ఎంత తగ్గిస్తానంటే అంతే. మేము పునాదుల దశలో అడిగాం కనుక కొంతైనా నెగ్గాం.

ఇంకో మాట కూడా ఆయనే పైకి అన్నాడు, మంచిదే అయింది. "సామాను మీది. రేపు కారితే నన్నడగకండి." ఇది పెద్ద చిక్కు. కారినప్పుడు బిగించినవాడు సరుకు మంచిది కాదంటాడు. అమ్మినవాడు బిగింపు మంచిది కాదంటాడు. మధ్యన బకెట్టు పట్టుకొని నిలబడేది మనం. ఆలోచించి, రెండు భాగాలుగా పంచుకొన్నాం. గోడలోపల, నేలలోపల వుండేవన్నీ – గొట్టాలు, మోచేతులు, నీళ్ళు పోయే నహానీ ట్రాపులు, అడుగున నీరు దిగకుండా వేసే పూత – ఆయనవి, వాటికి జవాబుదారీ ఆయనది. గోడ బయట కనబడేవి మావి. బిగింపు వరకు ఏడాదిపాటు ఆయన చూసుకోవాలి. ఈ నాలుగు ముక్కలూ కాగితంమీద రాసి యిద్దరం సంతకాలు చేశాం. దీనిలో ఒక్కటి మాత్రం రెండు వాటాల్లోకీ వస్తుంది. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే మీట వుంటుంది చూడండి, డైవర్టరు అంటారు, దాని మొండెం గోడలోపల వుంటుంది, ముఖం బయట వుంటుంది. మొండెం ఒక కంపెనీది, ముఖం యింకొకరిది అయితే అతకదు. అందుచేత ఆ మొండెం కూడా మేమే ముందు కొని యివ్వవలసి వచ్చింది.

కొనడానికి విశాఖపట్నం వెళ్ళాం. అత్తగారిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళాను. "కమోడ్లు కొనడానికి ముసలిదాన్ని నేనెందుకే, సిగ్గులేకపోతే సరి" అన్నారు. చెప్పుల షాపుకి కాలు తీసుకెళ్ళకుండా వెడతామా అన్నాను. దుకాణంలో ఒకదాని తరువాత ఒకటి తొమ్మిది కమోడ్లమీద కూర్చోబెట్టాను. మొదటి రెండింటికి ఆవిడ చీరకొంగు మొహాన కప్పుకొన్నారు. మూడోదానినుంచి సొంత అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టారు. "ఇది పల్లం." "ఇది అంచు కోస్తోంది." "దీనిమీద కాళ్ళు వేలాడుతున్నాయి, బడిపిల్లలా వున్నాను." దుకాణం కుర్రవాడు మొదట నవ్వు ఆపుకొన్నాడు, తరువాత టేపు తెచ్చి శ్రద్ధగా కొలిచాడు. మామూలు కమోడు సీటుతో కలిపి 16 అంగుళాల చిల్లర వుంటుంది. పెద్దవాళ్ళకోసమని 17 మొదలు 19 అంగుళాల ఎత్తు వరకు చేస్తున్నారు. అత్తగారికి 17½ కుదిరింది. అరికాళ్ళు నేలకు పూర్తిగా ఆనాలి, తొడలు మోకాళ్ళకంటె రవంత ఎత్తున వుండాలి. అదీ కొలత. ఈ కొలత ఏ కాంట్రాక్టరు మాత్రం ఎలా తెస్తాడు?

ఆ దుకాణంలో కూర్చొని వుండగా నాకొక ఆలోచన వచ్చింది. మద్రాసు వైపు రాణిపేటలో ప్యారీ కంపెనీవారు 1952లోనే ఈ పింగాణీ సామాను చెయ్యడం మొదలుపెట్టారు. ఇంగ్లండునుంచి ట్వైఫర్డ్స్ వారితో కలిసి హిందూస్థాన్ వారు బహదూర్‌గఢ్‌లో 1962లో ప్రారంభించారు. అంటే మా మామగారు పెంకుటిల్లు కట్టేనాటికే యివన్నీ మన దేశంలో తయారవుతున్నాయన్నమాట. రాణిపేటనుంచి మా పెరటిదాకా రావడానికి డెబ్భైయేళ్ళు దాటింది. పలకల సంగతి అలా కాదు. అవి కోస్తాలో యిళ్ళకు తొందరగానే వచ్చాయి. యానాంలో రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారం వుండేది కదా. 2012 జనవరిలో గొడవలు జరిగి మూతపడింది. ఇప్పుడు ఏ దుకాణంలో పలక తిప్పి చూసినా గుజరాతులోని మోర్బీ పేరే కనబడుతున్నది.

ఇక కుళాయిలు. మావారు యింటినుంచి బయలుదేరుతూ మా అబ్బాయి పెట్టెలోంచి ఒక అయస్కాంతం జేబులో వేసుకొన్నారు. ఎవరో చెప్పారట, అయస్కాంతం అంటుకోకపోతే అసలు ఇత్తడి అని. దుకాణంలో ప్రతి కుళాయికీ అంటించి చూశారు. ఒక్కదానికీ అంటుకోలేదు. గర్వంగా నావంక చూశారు. దుకాణం పెద్దాయన చిరునవ్వు నవ్వి, "అయ్యా, ఇత్తడికీ అంటుకోదు, జింకుకీ అంటుకోదు. తుప్పుపట్టే నాసిరకం స్టీలు ఒకటుంది, 202 అంటారు, దానికీ సాధారణంగా అంటుకోదు" అని, చూడడానికి ఒకేలా వున్న రెండు కుళాయిలు ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. ఒకటి బరువు, ఒకటి తేలిక. తేలికది జింకు కలగలుపు. ఉప్పుగాలికి దానిమీద పూత పొక్కితే లోపలిది గుల్లయిపోతుందని చెప్పాడు. అయస్కాంతం తిరిగి జేబులోకి వెళ్ళింది. ఇంటికి చేరేదాకా దాని ప్రస్తావన నేను తేలేదు, పాపం.

బరువే కాదు, మరి రెండు విషయాలు కూడా చూశాం. కుళాయి లోపల రబ్బరు వాచరు బదులు యిప్పుడు పింగాణీ బిళ్ళలు వుంటాయి. అవి ఎక్కువకాలం మన్నుతాయిగాని, బోరునీళ్ళలో యిసుక వస్తే గీతలు పడి కారతాయి. మా బోరులో యిసుక వుంది. అందుచేత ట్యాంకులోకి వెళ్ళే గొట్టానికి ఒక జల్లెడ వడపోత పెట్టించాం. ఖరీదు కొద్దిపాటిదే. రెండోది, లోపలి భాగం విడిగా దొరుకుతుందా, విజయనగరంలోనే దొరుకుతుందా అన్నది. దొరకనిది ఎంత అందంగా వున్నా వద్దన్నాను. గోడకు బిగించే పట్టుకమ్మీలు మాత్రం 304 స్టీలువి తీసుకొన్నాం. 316 అయితే ఉప్పుగాలికి యింకా మంచిదట, కాని ధర చూసి ఊరుకొన్నాం.

మా అమ్మాయికి ఒక కోరిక వుండేది. ఏదో హోటల్లో చూసిందట, నెత్తిమీద పళ్ళెమంత షవరు, వానలా పడుతుందట. దుకాణం పెద్దాయన అడిగాడు: "మీ ట్యాంకు ఎంత ఎత్తునుందమ్మా?" మాది ఒకటే అంతస్తు. స్లాబు 10 అడుగులు, దానిమీద దిమ్మ 4 అడుగులు, మొత్తం 14. షవరు 7 అడుగుల ఎత్తున వుంటుంది. అంటే నీరు షవరులోకి దిగేది కేవలం 7 అడుగుల ఎత్తునుంచి. 33 అడుగుల నీటిమట్టం వుంటే ఒక బారు ఒత్తిడి. మాకు వచ్చేది అందులో అయిదోవంతు. పళ్ళెం షవరుకు అది చాలదు. వాన కాదు, చూరునుంచి బొట్లు పడినట్టు పడుతుందన్నాడు. పంపు పెట్టుకోవచ్చుగాని, దానికి మళ్ళీ కరెంటు, మోత. అమ్మాయి మొహం ముడుచుకొంది. తక్కువ ఒత్తిడికి పనికివచ్చే చిన్న షవరు తీసుకొన్నాం. అమ్మే మనిషి ఖరీదైనది వద్దని చెప్పడం నేను చూడడం అదే మొదలు. మిగతాదంతా ఆ దుకాణంలోనే కొనడానికి అదొక కారణం.

ఐ.ఎస్.ఐ. ముద్ర వుందా అని చూశాం. పింగాణీ సామానుకు ఆ ముద్రపైన 2556 అనే అంకె వుంటుంది. అచ్చువేసిన ధరమీద మాకు 22 శాతం తగ్గించాడు. బిల్లు మావారి పేర రాయించాం. కంపెనీలు యిచ్చే హామీ, కొన్నిటికి పదేళ్ళదాకా, బిల్లు చూపితేనే చెల్లుతుంది. కాంట్రాక్టరు కొంటే బిల్లు ఆయన పేర, అందులోనూ పది యిళ్ళ సామాను కలిపి వుంటుంది. పన్ను 18 శాతం ధరలోనే కలిసి వుంది. (సిమెంటుమీద పన్ను 28 నుంచి 18కి 2025 సెప్టెంబరు 22న తగ్గించారు. అప్పటికి మా స్లాబు పడి అయిదు నెలలు!)

ఇంతవరకు అంతా నా తెలివేననుకొంటున్నారా? ఇక నా తెలివితక్కువతనం వినండి.

కమోడు వెనక గోడకూ, నేలలో మలినం పోయే గొట్టం మధ్యకూ యింత దూరం వుండాలని ప్రతి కమోడుకూ ఒక లెక్క వుంటుంది. మేము కొన్నదానికి 9 అంగుళాలు. దుకాణంవాడు ఆ కొలతల బొమ్మ మావారి ఫోనుకు పంపాడు. మావారు దాన్ని కాంట్రాక్టరుకు పంపారు. కాంట్రాక్టరు ప్లంబరు కుర్రవాడికి, "తొమ్మిదంగుళాలురా" అని నోటితో చెప్పాడు. కుర్రవాడు బుద్ధిగా తొమ్మిదంగుళాలే పెట్టాడు – యిటుకగోడ నుంచి. ఆ గోడకు ఆనక సిమెంటు పూత అర అంగుళం, దానిమీద మాలు, పలక కలిసి మరో అంగుళం. పని అయ్యేసరికి ఏడున్నర మిగిలింది. గృహప్రవేశం యింక పదకొండు రోజులుందనగా కమోడు తెచ్చి పెట్టబోతే, వెనక ట్యాంకు గోడకు కొట్టుకొంది. అంగుళంన్నర. ఎటు తిప్పినా అంగుళంన్నర.

"సామాను మీదే కదమ్మా" అన్నాడు కాంట్రాక్టరు. "గొట్టం మీదే కదండీ" అన్నాను. కుర్రవాడు యిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. బావగారింట్లో అత్తగారు అప్పటికే పెట్టె సర్దుకొని కూర్చొన్నారు. దుకాణానికి ఫోను చేస్తే ఆ ఎత్తులో వున్నదానికి తక్కువ దూరంది లేదన్నారు. పొట్టిది మార్చుకోవచ్చు. మావారు, "పోనీ పొట్టిదే తెద్దాం, పైన ఎత్తుసీటు బిగిద్దాం" అన్నారు. కదిలే సీటుమీద ఆవిడ మళ్ళీ పడితే? నేను ఒప్పుకోలేదు.

తెల్లవారి కాంట్రాక్టరు తనంత తానే వచ్చాడు. నేల చూసి, గొట్టం చూసి, "కుర్రోడికి పూతమీంచి కొలవమని నేనూ సెప్పలేదమ్మా" అన్నాడు. ఆ బొమ్మ అచ్చువేయించి గోడకు అంటించవలసింది నేనూ చెయ్యలేదన్నాను. నేల పగలగొట్టడం, గొట్టం జరపడం ఆయన వంతు. కొత్త పలకలు, నీరు దిగని పూత మళ్ళీ వెయ్యడం మా వంతు. మాకు 6,200 రూపాయలు అయింది. పూత వేశాక గదినిండా నీళ్ళుకట్టి రెండు రోజులు అలాగే వుంచాం, ఎక్కడైనా కిందకు దిగుతుందేమోనని. మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, లేచినప్పుడల్లా వెళ్ళి చూశాను. దిగలేదు. అంతకుముందు గోడల్లో గొట్టాలు పూడ్చకముందే చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి ఒక పూటంతా వుంచి చూశాడు కాంట్రాక్టరు. అది మేము అడగకుండా చేసిన పని. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

పట్టుకమ్మీలు బిగించేటప్పుడు కూడా అత్తగారి కొలతే తీసుకొన్నాం. నేలకు 34 అంగుళాల ఎత్తున ఒకటి పక్కగోడకు, షవరు దగ్గర ఒకటి. కమ్మీ పలకకు కాదు, పలక వెనక యిటుకకు పట్టాలి. పొడుగు మేకులు, గట్టి గోడ వుండాలి. బిగించాక మావారు, కాంట్రాక్టరు, కుర్రవాడు ముగ్గురూ వరుసగా వేళ్ళాడి చూశారు. తలుపు బయటకు తెరుచుకొనేలా పెట్టించాం. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకొనే తలుపు తియ్యలేం. నేలకు గరుకుపలక. తుడవడం కాస్త కష్టమే, తుడిచేది నేనే కనుక చెబుతున్నాను.

లెక్క చెప్పనా? సామానంతా రవాణాతో కలిసి 79,400 అయింది. కాంట్రాక్టరు తగ్గించినది 62,000. మిగతా 17,400 మా చేతిది. పగలగొట్టిన ఖర్చు 6,200 వేరే. డబ్బు మిగులుతుందని ఎవరైనా ఈ పనికి దిగితే వాళ్ళకు నేను పూచీపడలేను. మావారు ఆ రెండు అంకెలూ కలిపి 23,600 అని గోడ కేలండరుమీద రాశారు. నేను చెరపలేదు.

2025 కార్తికంలో గృహప్రవేశం అయింది. అత్తగారు కారు దిగి, పాలు పొంగించడం చూసి, బంధువులు పలకరిస్తుంటే సమాధానం చెబుతూనే నెమ్మదిగా ఆ గదివైపు నడిచారు. తలుపు వేసుకొన్నారు. నేను బయట నిలబడ్డాను, చెవి తలుపు దగ్గర. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తరువాత నీళ్ళు పోసిన శబ్దం, కుళాయి కట్టిన శబ్దం. ఎవరి సాయం లేకుండా బయటకు వచ్చి, తడిచేతులు కొంగుకు తుడుచుకొంటూ, "ఆ కమ్మీ యింకో బెత్తెడు యివతలకు వుండవలసిందమ్మా" అన్నారు.

కుళాయి ఒకటి మిగిలిపోయింది. లెక్క తప్పి ఎక్కువ కొన్నాం. పెట్టె విప్పలేదు కనుక తిరిగి యిచ్చేయవచ్చునంటారు మావారు. నూతి దగ్గర గోలెం మీద బిగించమంటారు అత్తగారు. కాంట్రాక్టరు నిన్న వచ్చి, ఎక్కువయితే తను కట్టే యింకో యింటికి కొంటానన్నాడు, ఎంతకిస్తారమ్మా అని బేరం కూడా మొదలుపెట్టాడు.